బాలసాహిత్యంలో వీరగాథ

వీరగాథలు పిల్లలకోసం పుట్టినవి కావు. రాజుల కొలువులలో, మరణించిన వీరుల గుడిముంగిట, జాతరలలో అవి పెద్దలు పెద్దలకు వినిపించిన కథలు. అయినా ఏ దేశపు సాహిత్యచరిత్ర చూచినా, కాలక్రమాన ఆ గాథలు బాలుర చేతికి వచ్చి చేరినట్లు కనబడుతుంది. పెద్దల సాహిత్యం నవలవైపు, సమకాలిక జీవితచిత్రణవైపు నడిచిపోగా, వెనుక మిగిలిన వీరుణ్ణి పిల్లలు తమవాణ్ణి చేసుకొన్నారు. ఆ విధంగా ప్రాచీనగాథకు ఒక కొత్త శ్రోత దొరికినాడు. ఆ శ్రోతకు తగినట్లు దానిని తిరిగి చెప్పగల రచయిత అవసరమైనాడు. ఆ రచయితను పునఃకథకుడు అనవచ్చును. అతని పని పైకి కనబడేటంత సులభమైనది కాదు.

కథను పాడే గాయకునికి ఈ కష్టం ఇంతగా లేదు. పల్నాటి వీరుల కథను వంశపరంపరగా పాడుతూ వచ్చిన వీరవిద్యావంతుల ఎదుట, తల్లి ఒడిలోని బిడ్డ మొదలు పండుముదుసలి వరకు అందరూ ఒకే చోట కూర్చుంటారు. గాయకుడు శ్రోతల ముఖాలు చూస్తూ కథను పెంచుతాడు, తగ్గిస్తాడు. నిద్రకు తూగేవారిని మేలుకొల్పడానికి ఒక హాస్యపు పలుకు చేరుస్తాడు. శోకఘట్టంలో గొంతు దించుతాడు. బిడ్డకు అర్థంకాని మాట వచ్చినా, పక్కనున్న అవ్వ కన్నులు తుడుచుకోవడం చూచి అది ఎటువంటి మాటయో బిడ్డ గ్రహిస్తుంది. అచ్చుపుస్తకానికి ఈ సహాయాలేవీ లేవు. బాలుడు ఒంటరిగా చదువుకొంటాడు. రచయితకు అతని ముఖం కనబడదు. కనుక గాయకుడు అప్పటికప్పుడు చేసుకొనే నిర్ణయాలన్నిటినీ పునఃకథకుడు ముందుగానే, కాగితంమీదనే చేసుకోవలసి వస్తుంది.

ఆ నిర్ణయాలు ముఖ్యంగా భాషకు సంబంధించినవని సామాన్యంగా భావిస్తారు. కఠినపదాలు తొలగించడం, వర్ణనలు కుదించడం, శృంగారఘట్టాలు వదలివేయడం అవసరమే. కాని ఇవి చేయి తిరిగిన రచయితకు కష్టమైన పనులు కావు. అసలు కష్టం మూడు చోట్ల ఎదురవుతుంది. వీరుని పరాక్రమానికి అతడూ, అతని వారూ చెల్లించిన మూల్యాన్ని పిల్లలకు ఎంతవరకు చెప్పవలెను? వీరుని శత్రువును ఎట్లా చూపవలెను? చరిత్రలో నిలువని గాథను నిజమని చెప్పవలెనా, కల్పన అని చెప్పవలెనా? ఈ మూడింటిలో మొదటిది ప్రధానమైనది. వీరగాథలోనుండి దుఃఖాన్ని తీసివేస్తే వీరత్వం మిగులుతుందని చాలామంది పునఃకథకులు నమ్మినారు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో మేవాడు కథలు, పల్నాటి కథ ఉదాహరణలుగా తీసుకొని పరిశీలించవచ్చును.

జేమ్స్ టాడ్ ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా 1818 నుండి 1822 వరకు పశ్చిమ రాజపుత్ర సంస్థానాలలో పనిచేసినాడు. అక్కడి చారణులు, భట్టులు, జైనపండితులు చెప్పిన గాథలను, వంశావళులను సేకరించి, రాజస్థాన చరిత్రను గూర్చి 1829లోను, 1832లోను రెండు సంపుటాల బృహద్గ్రంథం ప్రకటించినాడు. చరిత్రగా ఆ గ్రంథంలోని పొరపాట్లను తరువాతి పరిశోధకులు చాలా చూపినారు. కాని కథల గనిగా అది భారతీయభాషలన్నిటికీ ఉపయోగపడినది. తెలుగులో చిలకమర్తి లక్ష్మీనరసింహం అందలి గాథలను ‘రాజస్థాన కథావళి’ అనే పేర వచనంలోనికి తెచ్చినారు. దుర్భాక రాజశేఖర శతావధాని రాణాప్రతాపుని చరిత్రను పద్యకావ్యంగా రచించినారు. వంగభాషలో అవనీంద్రనాథ ఠాకూరు అదే గనినుండి ‘రాజకాహిని’ని తీసి 1909లో పిల్లల చేతికిచ్చినాడు.

అవనీంద్రనాథుడు ప్రధానంగా చిత్రకారుడు. అంతకు ముందే రవీంద్రుని ప్రోత్సాహంతో 1895లో ‘శకుంతల’ను, మరుసటి యేడు ‘క్షీరేర్ పుతుల్’ను బాలురకోసం వ్రాసి వచనంలో తన చేతివాటం చూపినవాడు. ‘రాజకాహిని’ స్వదేశీ ఉద్యమపు వేడి ఇంకా చల్లారని రోజులలో వెలువడినది. ఆనాడు రాజపుత్రుల కథలు చెప్పినవారిలో చాలమంది దేశభక్తిని బోధించడానికి చెప్పినారు. అవనీంద్రుడు బోధించడం కంటె చూపించడంమీద శ్రద్ధ పెట్టినాడు. టాడ్ గ్రంథంలో కొన్ని పంక్తులలో ముగిసే ఘట్టం అతని చేతిలో రంగు, వెలుగు, ఋతువు, ధ్వని కలిగిన దృశ్యంగా విస్తరిస్తుంది.

ఇందుకు బప్పాదిత్యుని కథ మంచి ఉదాహరణ. మేవాడు రాజవంశానికి మూలపురుషుడుగా చెప్పబడే బప్ప బాల్యంలో తన వంశం తాను ఎరుగక నాగదా ప్రాంతంలో ఆవులు కాచుకొంటూ ఉంటాడు. ఉయ్యాల పండుగనాడు అక్కడి సోలంకి రాజకుమారి చెలికత్తెలతో తోటకు వస్తుంది. వారికి ఉయ్యాల కట్టడానికి త్రాడు లేదు. పసులకాపరియైన బప్పవద్ద త్రాడు ఉన్నది. ముందు తనతో పెండ్లి ఆట ఆడితే త్రాడు ఇస్తానంటాడు. కొంగులు ముడివేసి, ఒక చెట్టుచుట్టూ తిరిగి పిల్లలందరూ ఆట ముగిస్తారు. తరువాత నిజమైన పెండ్లి సంబంధం వచ్చినప్పుడు, ఆమెకు ఇదివరకే వివాహమైనదని జ్యోతిష్కుడు చెప్పడంతో కలకలం పుట్టి, బప్ప ఆ ప్రాంతం విడిచి పారిపోవలసి వస్తుంది. అతడు రాజ్యం సంపాదించే మార్గం అక్కడనే మొదలవుతుంది.

ఈ గాథలో పిల్లలు ప్రవేశించడానికి ద్వారం కథలోనే ఉన్నది. త్రాడు, ఉయ్యాల, ఉత్తుత్తి పెండ్లి వారికి తెలిసిన లోకంలోనివి. తెలిసిన లోకంలో ఆడిన ఆట తెలియని లోకంలో, అనగా రాజ్యాలు వంశాలు ఉన్న పెద్దల లోకంలో, విడదీయరాని బంధంగా మారిపోవడం కథలోని ఆశ్చర్యం. నిపుణుడైన పునఃకథకుడు ఇటువంటి ద్వారాన్ని వెదకి పట్టుకొని, దానిని వెడల్పు చేస్తాడు. రాజవంశపు పట్టికతో మొదలుపెట్టడు. వీరుడు మొదట బాలుడుగా కనబడిన తరువాతనే, అతడు వీరుడైనప్పుడు చదువరికి ఆ మార్పు తెలుస్తుంది.

అయితే మేవాడు గాథలు అన్నీ ఇంత సౌమ్యంగా లేవు. బప్పకు పూర్వుడైన గోహుని కథలో ఒక చిక్కు ఉన్నది. వలభీపురం నాశనమైన తరువాత గుహలో పుట్టి, బ్రాహ్మణస్త్రీ పెంపకంలో పెరిగిన ఈ బాలుడు భిల్లబాలురతో కలిసి అడవులలో తిరుగుతాడు. వారు ఆటలో అతనిని రాజుగా ఎన్నుకొంటారు. ఒక భిల్లబాలుడు తన వ్రేలు కోసుకొని ఆ నెత్తుటితో అతని నుదుట తిలకం దిద్దుతాడు. భిల్లనాయకుడైన మాండలికుడు ఆ ఎన్నికను మన్నించి రాజ్యం అతనికి అప్పగిస్తాడు. ఆ గోహుడే తరువాత తన ఉపకారిని చంపినాడని టాడ్ వ్రాసినాడు. ఎందుకు చంపినాడో గాథ చెప్పదు.

ఇక్కడ పునఃకథకుని ఎదుట మూడు మార్గాలున్నవి. ఆ హత్యను వదలివేయవచ్చును. అప్పుడు కథ నెత్తుటి తిలకంతో శుభంగా ముగుస్తుంది. భిల్లనాయకుణ్ణి దుర్మార్గునిగా మార్చి హత్యకు న్యాయం కల్పించవచ్చును. అప్పుడు వీరుని కీర్తి నిలుస్తుంది గాని, రాజ్యం ఇచ్చిన జాతి దోషి అవుతుంది. లేదా జరిగినదానిని జరిగినట్లు చెప్పి, గోహుని మనస్సులో దాని భారాన్ని నిలుపవచ్చును. మొదటి మార్గం కథను అసంపూర్ణం చేస్తుంది. రెండవది అన్యాయం. మూడవది కష్టమైనదైనా అదే సరైనది. మేవాడు రాజచిహ్నంలో ఒకవైపు రాజపుత్రుడు, రెండవవైపు భిల్లుడు నిలిచి ఉంటారు. ఆ చిహ్నాన్ని చూచిన బాలుడు ఆ భిల్లుడు అక్కడ ఎందుకున్నాడని అడుగుతాడు. తిలకంతోపాటు ఆ ఋణాన్నీ, ఆ ద్రోహాన్నీ చెప్పిన కథ మాత్రమే అతనికి సమాధానం చెప్పగలదు.

చిత్తూరు పద్మిని కథలో ఈ చిక్కుకు మరొకటి తోడవుతుంది. అలావుద్దీన్ ఖల్జీ 1303లో చిత్తూరుగడను జయించడం చరిత్ర. ఆ దండయాత్రలో సుల్తానువెంట ఉన్న అమీర్ ఖుస్రో తన గ్రంథంలో ముట్టడిని వర్ణించినాడు. పద్మిని పేరు అక్కడ లేదు. ఆ కథ పూర్ణరూపంలో కనబడేది మలిక్ ముహమ్మద్ జాయసీ 1540లో అవధిభాషలో ఆరంభించిన ‘పద్మావత్’ కావ్యంలో, అనగా రెండువందల సంవత్సరాలకు పైబడిన తరువాత. జాయసీ కావ్యంలో ఆమె భర్త రత్నసేనుడు. చారణులనుండి టాడ్ గ్రహించిన కథలో భీమసింహుడు. సూఫీకవి చేతిలో ఆత్మసంబంధమైన ప్రేమకథగా ఉన్నది చారణుల చేతిలో వంశగౌరవగాథ అయినది. అచ్చులోనికి వచ్చిన పిమ్మట అనేక పాఠ్యపుస్తకాలలో అదే చరిత్రగా కూడా చెల్లుబాటైనది.

పిల్లలకు చెప్పేటప్పుడు ఈ వివేచన అవసరమా అని కొందరు సందేహించవచ్చును. అవసరమే, కాని కథ నడుమ నిలిచి చరిత్రపాఠం చెప్పడం పద్ధతి కాదు. మన కథలు చెప్పేవారికి ఇందుకు సులభమైన సాధనం ఎప్పటినుండో ఉన్నది. ‘అని చెప్పుకొంటారు’, ‘ఆ నాటివారి మాట’ అనే చిన్న పలుకులతో అవ్వలు కూడా విన్నదానిని చూచినదానినుండి వేరుచేసి చెప్పుతారు. ఆ పలుకును రచయిత తగిన చోట ఉంచి, ఏది చరిత్ర, ఏది గాథ అన్నది పుస్తకం చివర ఒక పుటలో వివరిస్తే చాలును. గాథ అని తెలిసినంతమాత్రాన బాలుని ఆసక్తి తగ్గదు. నిజమని నమ్మించి, పెద్దయిన తరువాత అబద్ధమని తెలుసుకోనిస్తే మాత్రం అతనికి కథమీదనూ, చెప్పినవారిమీదనూ విశ్వాసం పోతుంది.

శత్రుచిత్రణలో బాధ్యత ఇంకా బరువైనది. ఒక రాజు దురాశను అతని మతానికి, అతని జాతికి అంటగట్టడం పునఃకథకులు తరచుగా చేసిన తప్పు. ఎడమవైపు చెడ్డవారు, కుడివైపు మంచివారుగా లోకాన్ని విభజించి చెప్పడం సులభం. పదేండ్ల పిల్లవాడు దానిని వెంటనే పట్టుకొంటాడు, బడిలో పక్కన కూర్చున్నవానికి అన్వయిస్తాడు. చరిత్ర ఇందుకు భిన్నంగా ఉన్నది. 1576లో హల్దీఘాటీవద్ద అక్బరు సేనను నడిపినవాడు రాజపుత్రుడైన మానసింహుడు. రాణాప్రతాపుని పక్షాన ముందునిలిచి పోరినవారిలో హకీంఖాన్ సూర్ అనే ఆఫ్గన్ వీరుడున్నాడు. ఈ ఇద్దరి పేర్లు చెప్పినందువల్ల ప్రతాపుని స్వాతంత్ర్యదీక్ష తగ్గదు. పైగా ఆ యుద్ధం దేనికోసం జరిగినదో బాలునికి మరింత స్పష్టపడుతుంది.

మన ప్రాచీనకవులు శత్రువును చూచిన దృష్టి కూడా ఇదే. రావణుడు పడిపోయిన తరువాత, వైరం మరణంతో తీరిపోయినదని చెప్పి అంత్యక్రియలు చేయుమని విభీషణుని ప్రోత్సహించినవాడు రాముడే. భాసుని పేర ప్రసిద్ధమైన ‘ఊరుభంగం’లో తొడలు విరిగి పడివున్న దుర్యోధనుడు చిన్నకొడుకును ఒడిలోనికి తీసుకోలేని తండ్రిగా కనబడుతాడు. పిల్లలకు ఇంతకన్న బాగుగా తెలిసే శోకం మరొకటి ఉండదు. శత్రువుకూ ఇల్లున్నదని, అతనికోసం ఏడ్చేవారున్నారని చెప్పడం వీరగాథకు కొత్తగా తగిలించిన నీతి కాదు. ఈ దేశపు కవులు మొదటినుండీ పాటించినదే.

ఇక తెలుగువారి సొంతగాథ అయిన పల్నాటి కథకు వస్తే, ఈ సమస్యలన్నీ ఒకచోట కనబడుతవి. 12వ శతాబ్దం చివరిభాగంలో జరిగినదని చరిత్రకారులు సాధారణంగా భావించే ఈ దాయాదుల పోరు, రెండు శతాబ్దాలకు పైగా గడచిన తరువాత శ్రీనాథుని పేర ద్విపదలో నిలిచినది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో ఆ గ్రంథాన్ని పరిష్కరించి ప్రకటించినారు. గాయకుల నోట మాత్రం కథ ఆనాటికీ, ఈనాటికీ వేరుగా బ్రతికి ఉన్నది. అమెరికా పండితుడు జీన్ రోఘెయిర్, అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠాన్ని ఆధారంగా చేసుకొని 1982లో ఆంగ్లంలో ఒక గ్రంథం వెలువరించినాడు. కనుక ఈనాటి పునఃకథకునికి కావ్యపాఠం, గాయకుల పాఠం రెండూ పోల్చి చూచుకొనే వీలున్నది.

బాలచంద్రుని కథలో కూడా పిల్లలు ప్రవేశించే ద్వారం ఉన్నది. అది బొంగరాల ఆట. తోడి బాలురతో ఆడుతుండగా బాలచంద్రుని బొంగరం ఒక యువతి కాలికి తగిలి గాయం చేస్తుంది. పెద్దలందరూ కారెంపూడి యుద్ధభూమిలో ఉండగా నీకిక్కడ ఆటలేమిటని అర్థం వచ్చేటట్లు ఆమె నొచ్చుకొని పలుకుతుంది. అంతవరకు ఇంటివారు తననుండి దాచిన యుద్ధం సంగతి బాలునికి అట్లా తెలుస్తుంది. బప్ప కథలో ఆట వివాహమైనట్లే ఇక్కడ ఆట యుద్ధమవుతుంది. ఆ తరువాత తల్లి ఐతమ్మ వారించజూడడం, భార్య మాంచాల వీరోచితంగా సాగనంపడం, పెద్దలు సంధిమాటలవైపు మొగ్గిన వేళ ఈ బాలుడు యుద్ధమే కావలెనని పట్టుబట్టడం, వరుసగా వచ్చే ఘట్టాలు. పిల్లలకోసం వ్రాసినవారు సాధారణంగా ఇక్కడినుండి వేగం పెంచి, కత్తులు, గుర్రాలు, జయజయధ్వానాలతో కథ ముగిస్తారు.

అట్లా ముగించినప్పుడు జారిపోయేది అనపోతు కథ. బాలచంద్రునితోపాటు సోదరులవలె పెరిగినవారిలో అనపోతు బ్రాహ్మణబాలుడు. అతడు యుద్ధంలో చనిపోతే బ్రహ్మహత్యాదోషం తమకు చుట్టుకొంటుందన్న భయంతో, ఒక నెపం కల్పించి అతనిని వెనుకకు పంపి, మిగిలినవారు ముందుకు సాగిపోతారు. తనను ప్రేమతోనే మోసగించినారని తెలిసిన అనపోతు ప్రాణం తీసుకొంటాడు. శత్రువు కత్తి ఇంకా పైకి లేవకముందే, స్నేహంలోనుండి, ఆచారభయంలోనుండి కథలో ఒక మరణం జరుగుతుంది. కాపాడదలచినవారే కారణమైన మరణం అది. యుద్ధానికి తొందరపడిన బాలచంద్రుడు యుద్ధభూమి చేరకముందే దాని మూల్యం చెల్లించడం మొదలుపెట్టినాడు.

ఈ ఘట్టాన్ని పిల్లలకు చెప్పవచ్చునా? ఆరేండ్ల బిడ్డకు అవసరం లేదు. ఆ వయస్సుకు బొంగరాల ఆట, కోడిపందెం, బ్రహ్మనాయుని చాపకూడు చాలును. పన్నెండు పదమూడేండ్లవారికి చెప్పవలెను. కాని ఎట్లా చెప్పవలెనన్న దానిలో జాగ్రత్త ఉన్నది. ప్రాణత్యాగాన్ని ఘనకార్యంగా వర్ణించరాదు. అది ఎట్లా జరిగినదో వివరించనూ రాదు. చిత్తూరు స్త్రీల అగ్నిప్రవేశానికి కూడా ఇదే నియమం వర్తిస్తుంది. చెప్పవలసినది, స్నేహితులు తిరిగివచ్చి అడిగితే బాగుండునని అతడు ఎదురుచూచిన దారి. ఆ వార్త విని బాలచంద్రుడు నోటమాట రాక నిలిచిపోయిన క్షణం. ఆ క్షణానికి గాథలో మాటలు లేకపోతే కల్పించే హక్కు పునఃకథకునికి ఉన్నది. ఫలితాన్ని మార్చే హక్కు మాత్రం లేదు.

కల్పనకు గల ఈ అవధిని ఇతరదేశాల ఉత్తమ పునఃకథకులు కూడా పాటించినారు. ఇంగ్లండులో బాలురకు చారిత్రకనవలలు వ్రాసి ప్రసిద్ధికెక్కిన రోజ్‌మరీ సట్‌క్లిఫ్ 1963లో ఐర్లండు వీరుడు కుహులిన్ గాథను ‘ది హౌండ్ ఆఫ్ అల్‌స్టర్’గా తిరిగి చెప్పినది. ఒకే గురుకులంలో పెరిగిన ఫెర్డియాతో కుహులిన్ రేవులో తలపడి అతనిని చంపవలసి రావడం, ఎరుగక తన కొడుకునే చంపుకోవడం ఆ గాథలోని దారుణఘట్టాలు. ఆమె వాటిని తొలగించలేదు. అల్‌స్టర్‌లో కుహులిన్, పల్నాడులో బాలచంద్రుడు వేరు వేరు లోకాలవారు. అయినా తన చెలికాని మరణానికి తానే కారణమైన వీరుడు ఇద్దరిలోనూ ఉన్నాడు. రెండు జాతుల గాయకులు ఒకరినొకరు ఎరుగకనే ఆ దుఃఖాన్ని వీరగాథ నడుమ నిలిపినారంటే, అది తీసివేయదగిన అలంకారం కాదని స్పష్టమవుతున్నది.

పల్నాటి కథలో మరి రెండు పాత్రలు ఇట్టి శ్రద్ధనే కోరుతున్నవి. ఒకరు నాయకురాలు నాగమ్మ. స్త్రీ అయి మంత్రాంగం నడిపినందుకు గాథ ఆమెను మెచ్చుకొంటుందో, శంకిస్తుందో ఒక్కమాటలో చెప్పడం కష్టం. అలరాజు విషప్రయోగంతో మరణించడానికి ఆమె కుతంత్రమే కారణమని గాథ చెప్పుతుంది, దానిని దాచనక్కరలేదు. కాని ఆమెను మంత్రగత్తెగా మార్చి చూపితే, చదివే బాలికకు రాజ్యతంత్రం తెలిసిన స్త్రీ అంటే కీడు అన్న అర్థమే మిగులుతుంది. ఆమె బుద్ధి, ఆమె పట్టుదల, ఆమె కోపానికి గల కారణాలు చెప్పిన తరువాత ఆమె చేసిన తప్పును చెప్పవలెను.

రెండవ వ్యక్తి కన్నమదాసు. మాలకులంలో పుట్టి, బ్రహ్మనాయునికి దత్తపుత్రుడుగా, సేనానిగా నిలిచిన ఇతనినీ, కులభేదం లేక ఒకే చాపమీద అందరూ భుజించిన చాపకూడునూ చాలా పుస్తకాలు ఒక నీతివాక్యంతో దాటివేస్తవి. నీతివాక్యం బాలునికి గుర్తుండదు. చాపమీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, తొలిముద్ద తీసుకొనేముందు ఎవరు వెనుకాడినారో చూపే ఒక దృశ్యం గుర్తుంటుంది. ఈ కథను ఇన్ని శతాబ్దాలు గొంతులో నిలిపి కాపాడినవారు కూడా ఆ కులపు గాయకులేనన్నది పిల్లలకు తెలియవలసిన సంగతి. కథ ఎవరిది అన్న ప్రశ్నకు అది కూడా ఒక సమాధానం.

భాషను గూర్చి చివరగా కొంత చెప్పవలసి ఉన్నది. 1947 జూలైలో తెలుగు, తమిళ భాషలలో ఆరంభమైన ‘చందమామ’ మన బాలవచనానికి ఒక ఒరవడి దిద్దినది. చిన్నవాక్యం, తేటమాట, ఆలస్యం లేని కథనం దాని గుణాలు. కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వంలో ఆ వచనం స్థిరపడినది. పత్రిక ఆగిపోయిన తరువాత కూడా అది చాలామంది రచయితల చేతిలో జీవించే ఉన్నది. కాని వీరగాథకు ఆ వచనం ఒక్కటే చాలదు. అది కథను పరుగెత్తిస్తుంది. శోకం దగ్గర నిలువదు. ద్విపదలో రెండు పాదాలకొకసారి వచ్చే విరామం, గాయకుడు పల్లవి అందుకొనేటప్పుడు ఇచ్చే ఊపిరి, వచనంలో ఏదో రూపంలో ఉండవలెను. ఆయుధాల పేర్లు, యుద్ధపు మాటలు కొన్ని తెలియకపోయినా బాలుడు సందర్భాన్నిబట్టి ఊహించుకొంటాడు. వాటినన్నిటినీ ‘కత్తి’ అనే ఒక్కమాటతో సరిపెట్టితే ఆ లోకమే సన్నగిల్లుతుంది.

బొమ్మల కథలలో ఈ సమస్య మరొక రూపం ధరిస్తుంది. 1967లో ఆరంభమైన ‘అమర చిత్ర కథ’ దేశమంతటి వీరులను దేశమంతటి పిల్లలకు పరిచయం చేసినది. అది తక్కువ సేవ కాదు. అయితే బొమ్మలో శత్రువుకు ఒక ముఖం గీయక తప్పదు. ఆ ముఖానికి పూసిన నలుపు, దిద్దిన క్రూరత్వం మాటలకన్న ఎక్కువకాలం నిలుస్తుంది. ఈ విషయంలో ఆ పుస్తకాలపై వచ్చిన విమర్శ ఆలోచించదగినది. రచయిత మాటలలో పాటించిన న్యాయాన్ని చిత్రకారుడు రంగులలో కూడా పాటించవలెను.

పల్నాటి కథ జరిగిన చోట్లు నేటికీ ఉన్నవి. మాచెర్ల, గురజాల ఊళ్లు; నాగులేరు పారుతున్నది; బ్రహ్మనాయుడు చివరకు ప్రవేశించినాడని చెప్పే గుత్తికొండ బిలం ఉన్నది. కార్తికమాసపు అమావాస్యనుండి ఐదురోజులు కారెంపూడిలో వీరుల ఆరాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ రోజులకు పేర్లు. వీరుల ఆయుధాలను పూజించి, ఊరేగించి, వారి కథ పాడుతారు. పండుగ పేర్లలోనే రాయబారం ఉన్నది, చాపకూడు జ్ఞాపకం ఉన్నది, యుద్ధమూ ఉన్నది, దాని తరువాతి శూన్యమూ ఉన్నది. తల్లిదండ్రుల చేయిపట్టుకొని అక్కడికి వచ్చే పిల్లలనుండి ఆ ఊరు దేనినీ దాచలేదు. జయమెవరిదని అడిగితే చెప్పడానికి అక్కడ ఎవరికీ తోచదు; ఎవరెవరు పోయినారో మాత్రం అందరికీ తెలుసును. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుండి భారతీయభాషలలో బాలసాహిత్యానికి ప్రత్యేకంగా పురస్కారం ఇస్తున్నది. ఈ శాఖపై పెద్దల దృష్టి మరలిన ఈ కాలంలో, ఆ పేర్లన్నిటితో, ఆ దుఃఖంతో సహా బాలచంద్రుని కథను పన్నెండేండ్ల వారికి చెప్పే మంచి తెలుగునవలలు మరిన్ని రావలెను.